పదిహేడో ముక్క

షావోషింగ్, వెదురు లోయ ఆశ్రమం
పన్నెండో నెల, ఎనిమిదో రోజు

అక్కయ్యకు,

నువ్వు పంపిన ఇరవై పేకలూ క్షేమంగా చేరాయి. యూ తాత పడవలో ఎండు ముల్లంగి బుట్టల మధ్య పెట్టి తెచ్చాడు. ముక్కలమీది కాకికోట కథ వీరులు నలభైమందీ ముల్లంగి కంపు కొడుతున్నారు. అయినా ఊళ్లో వాటికోసం కొట్టుకుంటున్నారు. వంతెన పక్క సారా దుకాణంలో మధ్యాహ్నం నుంచే మొదలు. ముక్క తీయడం, దానిమీద రాసినట్టు చేయడం, తాగడం. 'గడ్డమున్నవాడు తాగాలి' అన్న ముక్క వరసగా మూడుసార్లు వచ్చిందని మందుల కొట్టు చెన్ మర్నాడు గడ్డం గీయించుకొచ్చాడు.

బావ కళ్లు ఎలా ఉన్నాయి? ఊరంతా బావ ఉలి పనితనాన్ని మెచ్చుకుంటుంటే నాకు లోపల నవ్వొస్తుంది. ఆయన గంజి రాసి బొమ్మ కాగితాన్ని చెక్కకు అంటించడం దగ్గరే ఆగిపోతారనీ, ఉలి పట్టేది నువ్వనీ ఎవరికీ తెలియదు. నేనూ చెప్పను. నా నోరు సంగతి తలుచుకుని నవ్వకు, ఇది మాత్రం నిజంగా చెప్పను.

ఒక మాట అడగాలి. పదిహేడో ముక్క చూశావా? పడవ ఎత్తిన షీ చువాన్. ఆ వీరుడి మొహం ఎవరిదో గుర్తుపట్టావా?

మన తమ్ముడు చిన్నోడిది. కొత్త రాజ్యం వచ్చి, ఊరు దాని సైన్యానికి చిక్కి, వాడు ఏటిలో పోయి రెండేళ్లు దాటింది. శవం దొరకలేదు, ఖాళీ పెట్టెను పూడ్చాం. వాడి పేరు పలక ముందు రోజూ అన్నం పెడుతున్నానే గానీ, ఎదురుగా పెట్టుకోవడానికి ఒక్క బొమ్మ లేదు. నాలుగు దస్తాల కాగితం పాడుచేశాక ఆ మొహం నా చేతికి వచ్చింది. చిన్నప్పుడు నిప్పురవ్వ పడి ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు పోయాయి గదా, ఆ ఖాళీని కూడా వదల్లేదు. దాని కింద ఆట మాట ఇలా రాశాను: 'బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఈ మొహాన్ని పోలినవాడు ఒక గిన్నె తాగాలి.' ఎక్కడో ఒక బల్ల దగ్గర ఎవడో ఒకడు వాడిలా ఉండకపోతాడా, వాడి పేరున ఒక గిన్నె తాగకపోతాడా అని.

కొత్త జిల్లా అధికారి గావ్ కూడా రెండు పేకలు తెప్పించుకున్నాడట. ఉత్తరాదివాడు, పేకంటే ప్రాణం పెడతాడని చెప్పుకుంటున్నారు. నా బొమ్మలకు కచేరీలో కూడా చోటు దొరికింది. చూశావా మరి.

ఆశ్రమంలో ఈరోజు ఎనిమిది గింజల జావ. నీ గిన్నె కూడా నేనే తాగాను.

నీ తమ్ముడు
జింగ్‌యాన్

*

హాంగ్‌జౌ, సిరా కొట్ల వీధి
పన్నెండో నెల, పదిహేనో రోజు

జింగ్‌యాన్‌కు,

వెంటనే చెప్పు. ఇరవై పేకలూ ఎవరెవరి చేతికి వెళ్లాయి? పేర్లు రాయి.

నేను గుర్తుపట్టలేదు. నువ్వు బొమ్మ వేస్తావు, బావ దాన్ని బోర్లించి చెక్కకు అంటిస్తారు, అప్పుడు నా చేతికి వస్తుంది. నాకు కనిపించేది ఎప్పుడూ తిరగబడిన మొహమే. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఇరవై రెండేళ్లుగా మనుషుల్ని అలాగే చూస్తున్నాను. పైగా అచ్చు తీసే గదిలోకి నేను వెళ్లను. నీ ఉత్తరం చదివాక వెళ్లి ఆ ముక్క వెలుగులో పెట్టుకుని చూశాను.

ఇక్కడ మిగిలిన ముక్కలన్నీ పొయ్యిలో పెట్టేశాను. అచ్చు చెక్కమీద మొహం ఉన్నంత మేర గొయ్యి తవ్వి, కొత్త బేరి చెక్క బిళ్ల దిగగొట్టి వేరే మొహం చెక్కాను. తొందరలో ఎవరూ గుర్తుకు రాక మీ బావ మొహమే పెట్టాను. ఇకమీద పడవ ఎత్తేది ఆయనే. ఎంత అరగదీసినా బిళ్ల చుట్టూ సన్నని గీత అచ్చులో పడుతోంది. పడనీ.

నువ్వు మాత్రం ఆ ఇరవై పేకల్లోంచి పదిహేడో ముక్కను వెనక్కి తీసుకో. తప్పు అచ్చయిందని చెప్పు, కొత్తది ఇస్తానను, ఏదో ఒకటి చెప్పు. ఎందుకని అడక్కు.

అక్క

*

షావోషింగ్, వెదురు లోయ ఆశ్రమం
మొదటి నెల, ఇరవయ్యో రోజు

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి నెల రోజులు జవాబు రాయలేదు. కోపం వచ్చింది. ఏటిలో పోయిన తమ్ముడి మొహాన్ని చేతులారా గొయ్యి తీసి పారేశానని అంత తేలిగ్గా రాశావు. వాడికి ఒకసారి పోవడం చాలలేదా?

అయినా నీ మాట కాదనలేక ఇల్లిల్లూ తిరిగాను. ఇరవైలో పద్దెనిమిది చేతికి వచ్చాయి. మందుల కొట్టు చెన్ ఇస్తూ ఇస్తూ, "ఏంటి సామీ, నీ వీరుడికేమన్నా రోగమొచ్చిందా, ఎనక్కి లాగేస్తన్నావ్?" అని వెక్కిరించాడు. మిగిలిన రెండూ గావ్ దగ్గర ఉన్నాయి. కచేరీకి వెళ్లి నా బొమ్మ నాకివ్వండని అడిగే ధైర్యం నాకు లేదు.

ఇదంతా కోపంతో రాద్దామనుకున్న ఉత్తరం. నిన్న రేవు దగ్గర చూసినదాంతో కోపం పోయి, వేరేది పట్టుకుంది.

పట్టుకోవలసినవాళ్ల ప్రకటన అంటించారు. మూడు పేర్లు. మూడోవాడికి పేరు లేదు, గుర్తులు మాత్రమే ఉన్నాయి. ఇరవై ఏడేళ్లవాడు, పొడగరి, ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది, సైన్యం ధాన్యం పడవలకు నిప్పుపెట్టాడు, పోయిన పదో నెలలో ఏటి అవతల ఒడ్డున కనిపించాడు. కింద గావ్ ముద్ర.

రెండేళ్ల కిందట పోయినవాడు మూడు నెలల కిందట పడవలు తగలబెట్టడు అక్కయ్యా. అవతల ఒడ్డు అంటే మీ ఒడ్డే. నీకు ఏం తెలుసు?

దీనికితోడు గావ్ నుంచి పిలుపు వచ్చింది. మూడో నెల మూడో రోజున ఏటి ఒడ్డు విందుకు రావాలట. పేక గీసిన చెయ్యి చూడాలని ఉందట. గుర్రంమీద వచ్చిన జవాను నేను సరేననేదాకా కదల్లేదు.

జింగ్‌యాన్

*

హాంగ్‌జౌ
రెండో నెల, రెండో రోజు

తమ్ముడికి,

ఈ ఉత్తరం ఆవకూర ఊరగాయ జాడీ అడుగున ఉంటుంది. యూ తాతకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. చదివి కాల్చేయి.

చిన్నోడు బతికే ఉన్నాడు. నా ఇంట్లో ఉన్నాడు.

పదో నెలలో ఒక మధ్యాహ్నం కాగితాల మూట మోసుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. తొడలో బాణం దిగిన గాయం. నేను అరవబోతుంటే, "అక్కా, ముందు అన్నం పెట్టు, ఆనక ఏడుద్దువుగాని" అన్నాడు. నీ పేకల అచ్చు అప్పటికే ముగిసింది. అప్పటినుంచి వాణ్ణి అచ్చు గదిలో సిరా పూసే పనిలో పెట్టాను. చెవిటి మూగవాడని వీధికంతా చెప్పాను. మొహాన ఎప్పుడూ సిరా మరకలు ఉంటాయి కాబట్టి ఎవరూ కనుబొమ్మ చూడరు.

నీకెందుకు చెప్పలేదో నీకూ తెలుసు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. అన్నింటికీ మించి, నీ మనసులో ఉన్నది నీ మొహంలో రాసి ఉంటుంది. నువ్వు వాడి పలక ముందు అన్నం పెడుతున్నావంటే ఊరు నమ్ముతుంది. ఉత్తుత్తినే పెడుతూ ఏడవడం నీ వల్ల కాదు. అందుకని నిన్ను ఏడవనిచ్చాను. నా తప్పు. నన్ను తిట్టుకో, పడతాను.

వాడు దొరికితే వాడొక్కడే పోడు. దాచిన ఇల్లంతా తలలివ్వాలి. బావ, నేను, వాడు. నీకు తెలిసీ చెప్పలేదంటే నువ్వూ. ఇన్నాళ్లూ ప్రకటనలో ఉన్నది నాలుగు మాటలే. నాలుగు మాటలతో మనిషిని పట్టుకోవడం కష్టం. ఇప్పుడు నువ్వు మొహం కూడా గీసిచ్చావు, ముద్ర వేసినవాడి బల్లమీదే.

ఆ ముక్క చూపిస్తే వాడు ఏమన్నాడో తెలుసా? "అన్నయ్య నా ముక్కు బాగా తీర్చాడక్కా, నిజం ముక్కు ఇంత బాగుండదు" అన్నాడు. దాన్ని పొయ్యిలో నా చేత్తోనే వేశాను.

వాణ్ణి దక్షిణాదికి, సముద్రం వైపు పంపించాలి. నది ద్వారం దగ్గర తనిఖీ దాటితే చాలు, ఉప్పు పడవలు తీసుకుపోతాయి. దాటడమే ఎలాగో తెలియడం లేదు.

విందుకు వెళ్లు. వెళ్లకపోతే అనుమానిస్తారు. తాగకు, మాట్లాడకు.

అక్క

*

షావోషింగ్
రెండో నెల, పదకొండో రోజు

అక్కయ్యకు,

ఉత్తరం చదివి ఊరగాయ జాడీని ఒళ్లో పెట్టుకుని అలాగే కూలబడ్డాను. తోటి సన్యాసి వచ్చి, "ఆవకూర అంత కారంగా ఉందా?" అని అడిగాడు. అవునన్నాను.

వాడు బతికున్నాడు. రెండేళ్లపాటు వాడికి ఇక్కడ నేను అన్నం పెడితే, నాలుగు నెలల నుంచి అక్కడ నీ చేతి అన్నం కూడా తింటున్నాడు. ఇంత తిండిపోతు మన ఇంట్లోనే పుట్టాలి.

నిన్ను తిట్టను. నువ్వు చేసింది సరైనదే. కొంప ముంచింది నేను. ఎనిమిది రోజులుగా ఒకటే ఆలోచన. గావ్ ఏదో ఒకరోజు ఆ ముక్కనూ ఆ ప్రకటననూ పక్కపక్కన చూస్తాడు. ఇంకా చూడలేదంటే బద్ధకమో, అదృష్టమో. చూసినరోజు నన్ను మోకాళ్లమీద కూర్చోబెట్టి ఈ మొహం ఎవరిదని అడుగుతాడు. దెబ్బలకు నేను ఎంతసేపు ఆగుతానో నాకే నమ్మకం లేదు.

అందుకని ఒక ఉపాయం. వాడు అడగకముందే నేనే చెప్పేస్తాను, ఆ మొహం నాదని. కూర్చోబెట్టి గీయడానికి మనిషి దొరక్క అద్దంలో నన్ను నేనే చూసుకుని గీశానంటాను. మన ముగ్గురిదీ ఒకే మొహమని అమ్మ అనేది గదా. ఉత్తరాదివాడు నన్నెప్పుడూ చూడలేదు. ఈ ఊళ్లోవాళ్లు చూసినా, సన్యాసి టోపీ కనుబొమ్మలదాకా దిగి ఉంటుంది. లేనిది ఒక్కటే, కనుబొమ్మలో ఆ ఖాళీ. సారా దుకాణం వంటవాడి దగ్గర చేప ముళ్లు తీసే చిన్న పట్టకారు అడిగి తెచ్చుకున్నాను. వాడికి ఉన్నట్టే ఎడమ కనుబొమ్మలో వెంట్రుకలు పీకేస్తాను. ముందే పీకితే మళ్లీ మొలుస్తాయి కాబట్టి విందుకు రెండు రోజుల ముందు మొదలుపెడతాను.

చిన్నోడికి చెప్పు, నిజం ముక్కు కూడా బాగానే ఉంటుందని.

జింగ్‌యాన్

*

హాంగ్‌జౌ
రెండో నెల, ఇరవై ఏడో రోజు

జింగ్‌యాన్,

చేతిలో పట్టకారు ఉంటే కింద పెట్టు.

నీ ఉత్తరం ఈరోజే అందింది. యూ తాత జ్వరంతో పదిహేను రోజులు పడవ తీయలేదు. ఇప్పుడు ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, నిలబెట్టి రాస్తున్నాను.

ఎడమ కాదు. కుడి.

అద్దం ముందు నిలబడి కుడి చెయ్యి ఎత్తు. అద్దంలో మనిషి ఎడమ చెయ్యి ఎత్తుతాడు. నువ్వు అద్దంలో చూసి గీశానంటున్నావు. ముక్కమీద ఎడమ కనుబొమ్మ తెగి ఉంది. అంటే నీ మొహాన తెగి ఉండవలసింది కుడి కనుబొమ్మ. తిరగబడిన మొహాలతో ఇరవై రెండేళ్లు బతికినదాన్ని, నా మాట విను.

ఎడమది పీకావంటే నీ అద్దం కథ అబద్ధమని తేలుతుంది. అంతకంటే ఘోరం, ప్రకటనలో రాసింది ఎడమ కనుబొమ్మే. ఆ గుర్తుతో ఆయన ఎదుటికి నీ కాళ్లతో నువ్వే నడిచి వెళ్తావు. కుడిది పీకితే ముక్కా నీదే అవుతుంది, ప్రకటనలో మనిషివీ కావు.

ఇది ఎప్పటికి చేరుతుందో తెలియదు. ఎదురుగాలి వీస్తోంది. చిన్నోడికి ఈ సంగతి చెప్పలేదు, చెబితే తనే పట్టుబడతానని బయల్దేరుతాడు. బావ గంజి గిన్నె పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. మూడో తారీఖు దాటేదాకా నాకు ముద్ద దిగదు.

కుడి. కుడి. కుడి.

అక్క

*

షావోషింగ్
మూడో నెల, నాలుగో రోజు

అక్కయ్యకు,

బతికే ఉన్నాను. ముందు ఆ మాట చదివి ఊపిరి తీసుకో.

నీ ఉత్తరం ఒకటో తారీఖు పొద్దున చేరింది. అప్పటికి పట్టకారుతో కూర్చుని ఎడమ కనుబొమ్మలో నాలుగు వెంట్రుకలు పీకేశాను. యూ తాత దగ్గుకుంటూ కొండెక్కి వచ్చి, "మీ అక్క దీన్ని నీ చేతిలో పెట్టేదాకా నీళ్లు కూడా తాగొద్దంది, ఇంద, నాకు నీళ్లియ్యి" అన్నాడు. చదివి చాలాసేపు అద్దం ముందు చేతులెత్తి దించుతూ కూర్చున్నాను. తర్వాత కుడి కనుబొమ్మ పని పట్టాను. ఆ నాలుగు వెంట్రుకల చోట సిరా చుక్క పెట్టాను.

విందులో పద్దెనిమిదిమంది ఉన్నారు. ఏటి పాయలో గిన్నెలు వదిలారు, సోంపు వేసి ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టారు. గావ్ లావుపాటి మనిషి, నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. పేక కలిపి ముక్కలు తీయించాడు. పదకొండోసారి తనే తీశాడు. పదిహేడు.

ఆట మాట పైకి చదివి, ముక్కను దూరంగా పట్టుకుని ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చాడు. నా దగ్గరికొచ్చి ఆగాడు. నవ్వు పోయింది.

"ఏమయ్యా సన్యాసీ, ఆ టోపీ తియ్యి."

తీశాను.

"ఈ మొహం నేను ఎక్కడో చదివాను" అన్నాడు. చూశాననలేదు, చదివాననే అన్నాడు. పక్కవాణ్ణి పంపించి రేవులో అంటించిన ప్రకటన ఊడబెరికించి తెప్పించాడు. చుట్టూ ఎవరూ గిన్నె ఎత్తడం లేదు.

"ఎడమ కనుబొమ్మ అని ఉంది. ముక్కలోనూ ఎడమే. నీకేమో కుడి. ఇదేం తమాషా?"

"అద్దం తమాషా దొరగారూ. పేదవాణ్ణి, కూర్చోవడానికి మనిషిని పెట్టుకోలేను. నా మొహమే అద్దంలో చూసి గీసుకున్నాను. వీరుడి మొహానికి పనికొస్తానని నాకు కొంచెం గర్వం."

అద్దం తెప్పించాడు. వాళ్లావిడదట, వెనక నెమలి బొమ్మ ఉంది. దాన్ని నా మొహం ముందు పెట్టించి, తను నా భుజం వెనక నిలబడి, అద్దం అంచుకు ముక్కను ఆనించి, అద్దంలోకీ ముక్కలోకీ మార్చి మార్చి చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. ఏటిలో గిన్నెలు వాటిపాటికి అవి పోతూనే ఉన్నాయి.

చివరికి పొట్ట ఊగేలా నవ్వాడు. "ఇంతమందిలో తన్ను తానే వీరుడిగా గీసుకున్న మొనగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఒక గిన్నె కాదు, మూడు తాగు." తాగాను. తర్వాత కుంచె తీసుకుని ఆ ముక్క పక్కన తన చేత్తో రాశాడు: 'ఇది చిత్రకారుడు తావ్ జింగ్‌యాన్ మొహం. నా కళ్లతో పోల్చి చూశాను. ఎక్కడ కనిపించినా ఒక గిన్నె పోసి వదలండి.' కింద ఎర్రని ముద్ర గుద్ది నాకు బహుమానంగా ఇచ్చాడు. రెండో పేకలోని పదిహేడు కూడా సిగ్గు విడిచి అడిగి తెచ్చుకున్నాను. దాన్నీ, ఊళ్లో వెనక్కి తీసుకున్న పద్దెనిమిదినీ కాల్చేశాను.

ముద్ర ఉన్న ముక్కను ఈ జాడీలో పెట్టాను. నా సన్యాసి అంగీ, టోపీ కూడా పంపుతున్నాను. చిన్నోడి తల నున్నగా గొరిగించి తొడిగించు. కుడి కనుబొమ్మ పీకు, ఎడమది ఎలాగైనా పూడ్చు. ఇకనుంచి వాడు చిత్రకారుడు తావ్ జింగ్‌యాన్. దక్షిణాది కొండలు చూసి గీయడానికి వెళ్తున్నాడు. నేను దక్షిణాదికి పోతున్నానని ఇక్కడ అందరికీ చెప్పి, ఆశ్రమం వెనక కట్టెల గది పక్క కొట్లో చేరాను. పెద్ద స్వామికి ఒక్కడికే తెలుసు. వాడు దిగేదాకా బయటికి రాను.

జింగ్‌యాన్

*

హాంగ్‌జౌ
మూడో నెల, పంతొమ్మిదో రోజు

తమ్ముడికి,

నిన్న వెళ్లాడు.

కుడి కనుబొమ్మ నేనే పీకాను. యుద్ధంలో బాణం దిగినప్పుడు అరవనివాడు పట్టకారుకు కెవ్వుమన్నాడు. ఎడమ ఖాళీలో బావ గంజి రాసి, నీ పాత కుంచెలో వెంట్రుకలు కత్తిరించి ఒక్కొక్కటే అంటించారు. కళ్లు కనపడని మనిషి వేలి కొసలతో తడుముతూ అంత పని చేశారు. బాగా కుదిరింది. కానీ ఆకాశం మబ్బు పట్టి ఉంది, వాన పడితే గంజి కరుగుతుంది.

నేను బట్టల బుట్ట పట్టుకుని నది ద్వారం మెట్లమీద ఉతుకుతున్నట్టు కూర్చున్నాను. ఇరవై అడుగుల దూరం. ప్రతి మాటా వినపడింది.

ముక్క చూడగానే జవాన్లు లేచి నిలబడ్డారు. ముద్ర చూసి ఒకడు గిన్నె కూడా తెచ్చాడు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు వాళ్ల నాయకుడు, "ఆగండ్రా. మా దగ్గరా ఇదే పేక ఉంది. పదిహేడులో ఉండేది వేరే ముసలాడు" అని నడుం సంచీలోంచి పేక తీశాడు. మనదే. నేను అతుకు వేసి అచ్చు తీయించి అమ్మిన పేక. పడవ ఎత్తుతున్న మీ బావ.

జాగ్రత్త కోసం నేను చేసిన పనే వాడి మెడకు చుట్టుకుంది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

చిన్నోడు ఆ ముక్క అందుకుని వెలుగుకు పట్టి చూశాడు. "ఇదుగో, మొహం చుట్టూ సన్నటి గీత కనపడతందా? ఇది అతుకేసిన చెక్క. నా మొహం పెరికేసి ఎవడో తన మావ మొహం పెట్టుకున్నాడు. దొంగ అచ్చు బాబూ ఇది. ఎవడమ్మాడో గానీ నిన్ను నిలువునా ముంచాడు."

నాయకుడు గీతమీద వేలు పెట్టి చూసుకున్నాడు. "నిజమేరా. ఈ ఊళ్లో చెక్కుడోళ్లంతా దొంగలు" అన్నాడు. నేను తల వంచుకుని బట్టలు ఇంకా గట్టిగా బాదాను. జవాన్లందరూ నవ్వారు. చిన్నోడు గిన్నె తాగి, చినుకులకు తడవకుండా టోపీ కిందికి లాక్కుని పడవ ఎక్కాడు. నా వైపు చూడలేదు. చూడొద్దని నేనే చెప్పాను, అయినా ఒక్కసారి చూస్తాడేమోనని పడవ మలుపు తిరిగేదాకా కూర్చున్నాను.

నువ్వు బయటికి రాకు.

అక్క

*

షావోషింగ్, కట్టెల గది
ఏడో నెల, రెండో రోజు

అక్కయ్యకు,

నాలుగు నెలలు కావస్తోంది. వార్త ఏమైనా వచ్చిందా? వస్తే నువ్వు రాయకుండా ఉండవని తెలుసు. అయినా అడుగుతున్నాను.

నా కుడి కనుబొమ్మ పూర్తిగా పెరిగింది. రోజూ పొద్దున వేలితో తడిమి చూసుకునేవాణ్ణి. నిండిపోయాక తడమడం మానేశాను. వాడు దిగాడో, మధ్యలో దొరికాడో, ఆ గంజి ఏ వానకు కరిగిందో, పొద్దస్తమానం ఇదే. రేవులో కొత్త ప్రకటన పడితే పెద్ద స్వామి చదివి వచ్చి చెబుతున్నారు. వాడు దొరికాడని లేదు, దొరకలేదనీ లేదు.

ఇంకో సంగతి రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. నేను బొమ్మ వేయలేకపోతున్నాను. చెయ్యి ఆడక కాదు. నేను దక్షిణాదిలో ఉన్నాను గదా, ఇక్కడ నా చేతి గీత ఒక్కటి బయటపడినా రెండో తావ్ జింగ్‌యాన్ ఎవడని అడుగుతారు. నా పేరు వాడితో పోయింది. ఇచ్చినందుకు బాధలేదు, మళ్లీ అడిగినా ఇస్తాను. కానీ చెయ్యి ఊరుకోవడం లేదు. బొగ్గుతో నేలమీద గీసి కాలితో చెరిపేస్తున్నాను.

వాడి పలక ముందు అన్నం పెట్టడం ఆపాలో, పెట్టాలో చెప్పు. బతికున్నవాడికి పెడితే కీడు. పోయినవాడికి పెట్టకపోతే ఆకలి. నిన్న సగం పెట్టాను.

జింగ్‌యాన్

*

హాంగ్‌జౌ
తొమ్మిదో నెల, పదో రోజు

తమ్ముడికి,

ఉప్పు చేపల పడవవాడు ఈ పొద్దున ఒక పొట్లం ఇచ్చి పోయాడు. ఇచ్చినవాడి పేరు అడిగితే, పొడుగాటి సన్యాసి అన్నాడు, ముక్కు బాగుంటుందన్నాడు. చేపల మధ్య నూనె కాగితంలో ఆ ముక్క ఉంది. ముద్ర అలాగే ఉంది. గావ్ రాత మీద ఒక చేప పొలుసు అంటుకుని ఉంది, తీయలేదు.

ముక్క తిరిగొచ్చిందంటే నీ పేరు తిరిగొచ్చినట్టే. ఈ ఉత్తరం అందిన రోజే చిత్రకారుడు తావ్ జింగ్‌యాన్ దక్షిణాది నుంచి వచ్చాడని అందరికీ చెప్పు. సోంపు చిక్కుళ్లు మీ ఊళ్లో ఉన్నంత బాగా ఎక్కడా ఉండవని చెప్పు, నమ్ముతారు. కనుబొమ్మ మాత్రం మళ్లీ పీక్కో. కుడిది. పలక తీసేయి. ఆ సగం అన్నం నువ్వు తిను.

ముక్క వెనక వాడు రాశాడు. వాడి రాత ఎప్పటిలాగే కోడి కెలికినట్టు ఉంది, బావకు చదివి వినిపించడానికి నాకు రెండుసార్లు పట్టింది. ఆ ముక్కనూ, ఒక సారా జాడీనీ యూ తాతతో పంపుతున్నాను. మట్టి మూత నేను తీయలేదు, నువ్వే తియ్యి.

వాడు రాసిన ఆట మాట ఇది: 'ఇంటి దగ్గర ఉండిపోయినవాడు తాగాలి.'

రెండు గిన్నెలు పోసుకో. ఒకటి నాది.

అక్క